కోత పండగ రంపం

పొద్దున్నే రేపల్లె నుంచి బాబాయి ఫోన్ చేసి, రంపం మళ్ళీ పక్కకు లాగుతోందనీ, వచ్చేటప్పుడు తెనాలిలో కొత్త సామాను పట్టుకురమ్మనీ చెప్పాడు. నాకు నవ్వొచ్చింది. ఒకప్పుడు ఆ రంపానికి కొత్త బోల్టు బిగించడానికి కూడా ఒప్పుకోని మనిషి ఆయన.

అది పెట్రోలు రంపం. మా చర్చి గుడిలో కోత పండగ నాడు దేవుడికి తెచ్చి ఇచ్చినవన్నీ ఆరాధన అయ్యాక వేలం వేస్తారు. గుమ్మడికాయలు, అరటిగెలలు, కోడిపుంజులు. ఒక ఏడు కలప డిపో ఆయన తన పాత రంపాన్ని తెచ్చి బలిపీఠం ముందు పెట్టాడు. బడిపంతులు ఉద్యోగం నుంచి అప్పుడే రిటైరై, ఏమీ తోచక తిరుగుతున్న బాబాయి, పిన్ని గుమ్మడికాయ తెమ్మని పంపితే వేలంలో రంపం పాడుకుని ఇంటికొచ్చాడు. ఆ రోజు వండలేకపోయిన గుమ్మడికాయ పులుసు సంగతి పిన్ని ఇప్పటికీ ఎత్తుతూనే ఉంటుంది. దేవుడికిచ్చిన వస్తువు గనక అందులో ఒక్క ముక్క కూడా మార్చకూడదని ఆయన పట్టు. ఆకురాయితో పళ్ళు సాన పట్టేవాడు, నూనె పోసేవాడు, మొరాయిస్తే ప్రార్థన చేసేవాడు.

బాబాయి కూతురు, మా చెల్లెలి పెళ్ళి ఎల్లుండి అనగా గాలివానకు గుడి గేటుకి అడ్డంగా చింతచెట్టు పడింది. ఊళ్ళో తక్కిన రంపాలన్నీ కరెంటు తీగల మీద పడ్డ చెట్ల దగ్గరున్నాయి. నా కూతురి పెళ్ళికి నేనే దారి తీస్తానని బాబాయి పాస్టరు గారికి మాటిచ్చేశాడు. రంపం మోగింది గానీ మాను తెగలేదు. పొట్టు ఎగరాల్సిన చోట పిండి రాలింది, పొగ లేచింది, కోత వంకర తిరిగింది. ఇంటికి తెచ్చి మూత విప్పితే కోత పళ్ళుండే చెయిను సాగి వేలాడుతోంది. దాన్ని తిప్పే పళ్ళ చక్రం అరిగి గాట్లు పడింది. చెయిను పరుగెత్తే పొడుగాటి ఇనప పట్టీ, అదే బారు, ఒకవైపు అంచే అరిగిపోయింది, వంకర కోత అందుకే. ఒక్క చెయిను మారిస్తే ఆ చక్రం దాన్నీ తినేస్తుందనీ, మూడూ కలిపి మార్చాలనీ బాబాయే చెప్పాడు. చెప్పి, మళ్ళీ మూత బిగించబోయాడు. నాకు ఒళ్ళు మండింది.

పిన్ని వంటింట్లోంచి వచ్చింది. “పోయినేడు పండగలో పాడుకున్న పుంజుని కూరొండుకు తిన్నామండి. అప్పుడు అడ్డురాని దేవుడు, పిల్ల పెళ్ళికి ఇనప ముక్క మారిస్తే అడ్డొస్తాడంటారా?”

బాబాయి బిగించబోయిన మూతను పక్కన పెట్టాడు. తర్వాత నా వైపు తిరిగి, “తెనాలి బండి ఎన్నింటికిరా?” అన్నాడు.

మర్నాడు మూడూ బిగించి, చెయిను బిగువు వేలితో లాగి చూసుకుని, మాను మీద పెట్టాడు. పొట్టు తునకలు తునకలుగా ఎగిరింది. మధ్యాహ్నానికి గేటు తెరుచుకుంది. ఆ గేటులోంచే చెల్లెలు తెల్లచీర కట్టుకుని లోపలికి నడిచింది, బాబాయి చెయ్యి పట్టుకుని. తీసేసిన ముక్కల్ని మాత్రం ఆయన పారెయ్యలేదు. గుడ్డలో చుట్టి తర్వాతి కోత పండగకి బలిపీఠం ముందు పెట్టాడు. పాడేవాళ్ళు లేక పిన్నే పాడుకుంది. పెరట్లో పాతిన ఆ బారు మీదే ఇప్పుడు చిక్కుడు పాదు పాకుతోంది.

రేపల్లె బండిలో కూర్చుని ఇదంతా తలుచుకుంటున్నాను. ఒళ్ళో కొత్త సామాను పొట్లం ఉంది. ఆదివారం చెల్లెలి కూతురికి బాప్తిస్మం, పందిరి గుంజలు కొయ్యాలట. ఇదివరకు అరిగిన వస్తువును చూస్తే, కాలం అయిపోయిందని దిగులేసేది. ఇప్పుడు మాత్రం, ఆ కాలం ఉత్తినే పోలేదనీ, ఎవరికో దారి తీస్తూనే అరిగిందనీ అనిపిస్తోంది.