రెండు సంతల గడువు

2023 మే నెల, చివరి శనివారం. అరకులో జెరాక్సులు తీసే, ఆన్‌లైన్ దరఖాస్తులు పెట్టే కొట్టు నాది. చదువు పదో తరగతితో ఆగింది. గడువులు, వడ్డీలు లెక్కకట్టడం పాత కాగితాలు చూసి నేనే నేర్చుకున్నాను.

పదిన్నరకు సోములమ్మ, ఆమె భర్త అప్పన్న వచ్చారు. కొండమీది ఊళ్లో ఆమె నర్సు. సంతకు వచ్చినప్పుడు ఒక రిసార్టులో, ఏటా టూరిస్టు ఊళ్లలో బస ఇచ్చే వెకేషన్ క్లబ్ అగ్రిమెంటు మీద సంతకం చేసి, నలభై వేలు కట్టేసింది. మిగతాది నెలనెలా కట్టాలి. ఆ నలభై వేలు వానలకు ముందే ఇంటికి స్లాబ్ వేయడానికి దాచినవి.

"లక్కీ డ్రాలో కుక్కరొచ్చిందని పిలిసినారన్నా. గోవా, ఊటీ అన్నీ టీవీలో సూపించినారు."

"అరకు సూడ్డానికి లోకమంతా ఇక్కడికొత్తంటే, ఇది డబ్బిచ్చి ఎటెల్తాదో అడుగన్నా," అన్నాడు అప్పన్న.

"ఆ కుక్కర్లో పప్పు తిన్నప్పుడు ఈ మాటనలేదేటి?"

అగ్రిమెంటు నాలుగో పేజీలో కూలింగ్ ఆఫ్ పీరియడ్ ఉంది. అంటే సంతకం చేశాక మనసు మార్చుకోవడానికి ఇచ్చే గడువు. పది రోజులు. రద్దు లేఖ పోస్టు చేసిన తేదీనే లెక్కలోకి తీసుకుంటామని కూడా ఉంది.

"సంతకమెట్టించిన సేల్సాయన్ని నానడిగినానన్నా. రెండు సంతలైపోనాయంటే, రెండు వారాలైతే గడువు దాటిపోయింది మేడమ్ అన్నాడు."

"ఏయే సంతలమ్మా?"

"సంతకమెట్టిన సంతొకటి. నిన్నటిదొకటి."

మా దగ్గర రోజులు లెక్కపెట్టేది శుక్రవారం సంతతోనే. కానీ రెండు సంతల మధ్య ఉండేది ఒక్క వారం! కేలెండర్ మీద వేలు పెట్టి చూపించాను. సంతకం పంతొమ్మిదిన. ఆ రోజును కలిపితే పదో రోజు ఆదివారం, కలపకపోతే సోమవారం. ఆదివారం పోస్టాఫీసు ఉండదు. వాళ్లు మొదటి లెక్కే పట్టుకుంటే మాకు మిగిలింది ఆ పూటే.

"అయితే బేగి రాయన్నా," అంది సోములమ్మ.

ఆరు వాక్యాల్లో రాశాను. కుక్కరు తిరిగిచ్చేస్తామని కూడా చేర్చాను. మెయిల్ పెట్టి, రిజిస్టర్డ్ పోస్టు చేయించి, రసీదు మీద తేదీ ముద్ర సరిగా పడిందో లేదో చూశాకే ఆ సేల్స్ అతనికి ఫోన్ చేశాను.

"గడువు అయిపోయింది సార్. ఆవిడే చెప్పారు."

"ఆవిడ చెప్పింది పక్కన పెట్టండి. మీ కాగితం మీద తేదీ చదవండి."

అవతల కాగితాలు తిప్పుతున్న చప్పుడైంది. తర్వాత, "మేనేజర్‌కి చెబుతాను," అన్నాడు.

మూడు వారాల తర్వాత నలభై వేలూ తిరిగొచ్చాయి. కుక్కరు మాత్రం ఎవరూ అడగలేదు. స్లాబ్ వేసిన రోజు కూలీలకు పప్పు అందులోనే వండారు.

ఆ కేసు తర్వాత, ఎన్ని రోజులైందని నేను ఎవరినీ అడగడం లేదు. కేలెండర్ ముందుకు జరిపి, ఏ రోజో వేలు పెట్టమంటాను. రోజులు నేను లెక్కపెడతాను.