బాణం కనబడని డాక్టరు

మా డాక్టరుగారికి ఉన్న జబ్బు ఒక్కటే: కంప్యూటరు తెర మీద బాణం ఆయనకి కనబడదు. ఎక్స్‌రేలో వెంట్రుకంత బీటని కూడా పట్టేసే కళ్ళవి. ఆస్పత్రిలో కాగితాలు మానేసి రోగుల వివరాలన్నీ కంప్యూటర్లోకి ఎక్కించాలన్న రోజునుంచీ ఆ కళ్ళకి బాణం మాత్రం ఆనడం లేదు.

"సిస్టర్, మళ్ళీ పోయింది."

"ఎక్కడికీ పోదండీ, అక్కడే ఉంటుంది."

"ఉంటే కనబడదా?"

నేను మందుల ట్రేతో పరుగెత్తుకొచ్చేసరికి పేషెంటు తెర మీదికి వంగి వెతుకుతూ ఉండేవాడు. జ్వరంతో మూలుగుతూ వచ్చిన పెద్దావిడ "అదిగో నాయనా, మూలకి నక్కింది" అనేది. వరండాలో లైను కట్టినవాళ్ళు కిటికీలోంచి సలహాలు విసిరేవారు. "కుడికి, కుడికి! అబ్బ, దాటేశారు!" నాకు పిచ్చెక్కిపోయేది.

సూపరింటెండెంటుగారికి ఓపిక నశించింది. "శుక్రవారం నేనే వచ్చి చూస్తాను. అప్పటికీ కంప్యూటరు వాడటం రాకపోతే ఈ గది ఇంకొకరికిస్తాను. మీరు పైన కూర్చుని సర్టిఫికెట్ల మీద సంతకాలు పెట్టుకోండి" అన్నారు.

రోగుల్ని చూడకుండా ఈయన బతకగలరా? నా భోజనం మానుకుని రోజూ పక్కన కూర్చుని నేర్పించాను. ఆయన బుద్ధిగా తలూపేవారు.

"వచ్చిందా అండీ?"

"పూర్తిగా వచ్చేసింది సిస్టర్."

"మరి బాణం ఏది?"

"అదొక్కటే కనబడ్డం లేదు."

శుక్రవారం సూపరింటెండెంటుగారు వచ్చి, చేతులు కట్టుకుని వెనక గోడకి ఆనుకున్నారు. మొదటి పేషెంటు లారీ డ్రైవరు, తలుపంత మనిషి. భార్య పోరు పడలేక వచ్చి, ఆవిణ్ణి మాత్రం బయటే కూర్చోబెట్టాడు.

"ఏంటయ్యా ఇబ్బంది?"

"ఏం లేదు సార్. రాయిలా ఉన్నా."

"సరే, అదే రాస్తా. అయ్యో, బాణం పోయింది!"

నేను కళ్ళు మూసుకున్నాను. వెనక పళ్ళు కొరికిన చప్పుడు వినబడింది.

డ్రైవరు ఫక్కున నవ్వాడు. "ఇంత డాక్టరై ఉండి... ఇలా ఇవ్వండి సార్." మౌస్ లాక్కుని, తెర మీదే చూపు నిలిపి, బాణాన్ని కదుపుతూ అన్నాడు: "బరువెత్తితే ఛాతీ పట్టేస్తోంది సార్. ఎడం చెయ్యి లాగేస్తోంది. మా ఆవిడకి చెప్పకండి, బండెక్కనివ్వదు."

"నేను చెప్పను, నువ్వే చెబుదువుగాని. బాణం దొరికిందిగా, కాస్త కిందికి రా. గుండె పరీక్ష అని ఉంది చూడు, దాని మీద నొక్కు."

నొక్కాడు. తన పరీక్ష తనే రాసుకున్నాడు, పాపం.

అతన్ని పక్క గదిలో పరీక్షకి పడుకోబెట్టి వెనక్కొచ్చాను. డాక్టరుగారు పది వేళ్ళతో కీబోర్డు టకటకలాడిస్తున్నారు. మౌస్ పట్టుకుంటే బాణం ఎక్కడికి పొమ్మంటే అక్కడికి పోతోంది. సూపరింటెండెంటుగారు నోరు తెరుచుకుని చూస్తున్నారు.

"ఇంత వచ్చి ఉండి ఈ నాటకమేంటండీ?" అన్నాను.

"నేనిలా కొడుతూ కూర్చుంటే, రాయిలా ఉన్నానని చెప్పి వెళ్ళిపోయేవాడు. బాణం కూడా కనబడని వాడి దగ్గర సిగ్గేముంటుంది చెప్పండి?"

మానుకున్న భోజనాలన్నీ గుర్తొచ్చి నాకు ఒళ్ళు మండింది. ఆ మహానుభావుడి మీద ప్రేమ కూడా పొంగుకొచ్చింది.

"ఇంతకీ నా గది సంగతి?" అన్నారు డాక్టరుగారు.

సూపరింటెండెంటుగారు వెళ్ళి తలుపు దగ్గరగా వేశారు. వచ్చి పేషెంటు కుర్చీలో కూర్చున్నారు.

"గది మీదే లెండి. అదిగాక... నాకూ ఈ మధ్య మెట్లెక్కితే ఆయాసంగా ఉంటోందండీ. ఇంట్లో చెప్పలేదు."

డాక్టరుగారు మౌస్‌ని ఆయన ముందుకి జరిపారు.