అమ్మకు తెలుగు రాని సాయంత్రం

ఆ రోజుల్లో మా కుటుంబం ఏ ఊళ్ళో దిగినా పద్ధతి ఒకటే. తిరుపతిలో ఆ మిద్దె ముందు లారీ ఆగినప్పుడు అక్కడ ఉన్న సామాను ఇది: తెల్ల పెయింటుతో నాయన పేరు, హోదా రాసిన నల్ల ట్రంకు పెట్టెలు పదకొండు, మడత మంచాలు రెండు, గోనెసంచిలో కుట్టిన కుట్టుమిషను ఒకటి, దారిలో కాలు విరిగిన ప్లాస్టిక్ కుర్చీ ఒకటి. ఉన్న మనుషులు వీళ్ళు: సెలవు మీద వచ్చిన సుబేదారు నాయన, అమ్మ, ఏడో తరగతిలో చేరాల్సిన చెల్లెలు, పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రానిక్స్ సీటు వచ్చిన నేను, మాకు సాయంగా పాకాల నుంచి వచ్చిన చిన్నాయన. ఇవి కాక నా కోపం. దాన్ని ఏ ట్రంకులోనూ సర్దలేదు. చేత్తో పట్టుకునే లారీ దిగాను. అప్పటికి నాకు పదహారేళ్ళు.

మా అమ్మది డార్జిలింగ్ కొండల్లో ఒక పల్లె. నాయనతో పనిచేసిన ఒకాయన చెల్లెలు. నాయనది ఇటు తిరుపతి పక్క ఐరాల. నేను పుట్టిన కొత్తలో నాయనకు కుటుంబాన్ని తీసుకుపోవడానికి వీల్లేని చోట డ్యూటీ పడితే, అమ్మ రెండేళ్ళు ఐరాలలో మా అవ్వ దగ్గర ఉంది. మొదటి ఆరు నెలలు అవ్వ ఆమెతో మాట్లాడలేదు. తర్వాతి ఏడాదిన్నర మాట్లాడటం ఆపలేదు. దాని ఫలితంగా అమ్మకు వచ్చిన తెలుగు అచ్చంగా అవ్వ తెలుగే, తిట్లతో సహా. నేనూ చెల్లెలూ మాత్రం ముఖాలు అమ్మవి తెచ్చుకున్నాం, రంగు నాయనది తెచ్చుకున్నాం. (ఈ రెండూ కలిస్తే ఏ ఊరివాళ్ళమో ఎవరూ చెప్పలేరు. ప్రయత్నం మాత్రం అందరూ చేస్తారు.)

కంటోన్మెంట్లలో ఈ ప్రయత్నం ఎవరూ చేసేవాళ్ళు కాదు. అక్కడ ఒక పక్క గఢ్వాలీ కుటుంబం, ఇంకో పక్క మలయాళీలు, పైన పంజాబీలు. గుడి, మసీదు, గురుద్వారా, చర్చి ఒకే హాలులో పక్కపక్కన. అక్కడ ఇంకో ఆచారం ఉండేది. కొత్త కుటుంబం క్వార్టర్లో దిగిన రోజు పొయ్యి వెలిగించకూడదు. మధ్యాహ్నం ఒక ఇంటి నుంచి, సాయంత్రం ఒక ఇంటి నుంచి భోజనం రావాలి. దిగిన రోజే వంట మొదలుపెడితే ఇరుగుపొరుగును అవమానించినట్టు లెక్క. అందుకే సామాను సర్దేటప్పుడు వంట ట్రంకు లారీలోకి అన్నిటికన్నా ముందు ఎక్కేది, అంటే అన్నిటికన్నా చివర దిగేది. సాంకేతికంగా ఇది చాలా చక్కటి పద్ధతి. ఒక్క షరతు ఏమిటంటే, ఆ ఆచారం పక్కింటివాళ్ళకు కూడా తెలిసి ఉండాలి.

ఈసారి నాయనకు మళ్ళీ సరిహద్దు డ్యూటీ పడింది. నా చదువు తిరుపతిలో కాబట్టి మమ్మల్ని అక్కడ దించి పోదామనుకున్నాడు. అమ్మకే భయం. "ఆడ మనట్లాటోళ్ళు ఎవురన్నా ఉంటారా? బిడ్డను బడిలో ఏమని పిలుస్తారో ఏమో" అని నెల రోజులు అడిగింది. నాయన ప్రతిసారీ ఒకే జవాబు: "తిరుపతికి దేశమంతా వస్తాది. దినామూ అన్ని మొకాలూ సూసేవాళ్ళు వాళ్ళు. నిన్ను సూసి ఎవురూ తలకాయ కూడా తిప్పరు." నాయన వాదనలో ఒక లోపం ఉంది. వచ్చి పోయేవాళ్ళు వేరు, అద్దెకుండేవాళ్ళు వేరు. కొండ మీదికి ఎవరైనా ఎక్కవచ్చు. కొండ కింద మిద్దె ఎక్కాలంటే మాత్రం ముందు ఒక ప్రశ్నకు జవాబు చెప్పాలి.

మొదటి ఇంటాయన గేటు తీయకుండానే ఆ ప్రశ్న వేశాడు. "ఏమిటోళ్ళప్పా మీరు?"

"మిలిటరీవాళ్ళం" అన్నాడు నాయన.

"అది ఉద్యోగం గదా. నేనడిగేది అది కాదు."

"మాకు అంతే ఉండాదప్పా."

వెనక నుంచి చిన్నాయన దగ్గాడు, గొంతు సవరించుకున్నాడు, కులం పేరు నాలుక చివరికి తెచ్చుకున్నాడు. నాయన వెనక్కి తిరిగి ఒక చూపు చూసేసరికి దాన్ని మింగేశాడు. ఆ ఇల్లు అప్పటికప్పుడు ఇంటాయన బావమరిదికి కావాల్సి వచ్చింది. (నాయన ఆ పేరు ఆ రోజు చెప్పలేదు. నేనూ ఇక్కడ చెప్పను. మీరు వెతుక్కుంటూ ఉంటే ఆపేయండి.)

రెండో ఇంట్లో ఇల్లుగలామె అమ్మను పైనుంచి కిందికి చూసి నాయనతో, "పనామెను కూడా తెచ్చుకున్నారే, మంచి పని చేసినారు. మాకూ ఒక పూట అంట్లు తోమతాదా?" అంది. అమ్మ ఆమె వైపే చూస్తోంది. చెల్లెలు నా మోచెయ్యి లాగి, "అన్నా, ఏ పూటో అడగనా?" అంది. నాయన గోడ మీద వేలితో తట్టి, "చెమ్మ ఉండాదమ్మా, మాకు పడదు" అని మెట్లు దిగాడు. వీధి మలుపులో నేను పక్కనున్న కరెంటు స్తంభాన్ని గుద్దాను. చెయ్యి వాచింది. స్తంభానికి ఏమీ కాలేదు.

అలా సెలవంతా ఇళ్ళు వెతకడానికే సరిపోయింది. ఇక మిగిలింది ఒక్క రోజు. మర్నాడు సాయంత్రం నాయన రైలు. అమ్మ తేల్చి చెప్పింది: ఇల్లు కుదరకపోతే నేను హాస్టల్లో చేరాలి, తాను బిడ్డను తీసుకుని కొండల్లో అన్న దగ్గరికి పోతుంది. అంటే నలుగురం మూడు చోట్ల. అప్పుడు చిన్నాయన, "మీరు ఈడనే టీ తాగతా ఉండండి" అని మమ్మల్ని హోటల్లో కూర్చోబెట్టి పోయి, గంటలో తాళంచెవితో వచ్చాడు. రిటైరైన హెడ్మాస్టరు గారి మిద్దె, పై పోర్షను.

"ఏం చెప్పినావురా?" అన్నాడు నాయన.

"నువ్వేమీ చెప్పలేదు గదా, నీకెందుకు? మనది ఫలానా పెద్దిల్లనీ, వొదినది కొడగు పక్క కాఫీ తోటలోళ్ళనీ చెప్పినా. వొదినా, ఒకటే మాట. నువ్వు నోరు తెరవాకు, తెరిస్తే నిజం చెప్పేస్తావు. నీకు తెలుగు రాదు."

"నాకు తెలుగు రాదా?" అంది అమ్మ.

"రాదు. మూడు నెల్లు రాదు. ఆమైన మెల్లిగా నేర్చుకుంటా ఉండావని చెప్దాం."

నాయన తాళంచెవి వైపు చూశాడు, తర్వాత చెల్లెలి వైపు చూశాడు. "ఇది తప్పు" అన్నాడు. అని తాళంచెవి జేబులో వేసుకున్నాడు. ముప్పై కిలోల బరువు వీపున వేసుకుని కొండలెక్కిన మనిషి అంత నీరసంగా నడవడం నేను ఎప్పుడూ చూడలేదు.

స్టేషన్ గోడౌనులో ఉంచిన సామాను ఎక్కించుకుని మధ్యాహ్నం లారీలో వచ్చాం. అలవాటు ప్రకారం వంట ట్రంకు చివర దిగి, ముందు గదిలో గోడ పక్కన అన్నిటికీ పైన చేరింది. అలవాటు ప్రకారమే మేము భోజనం కోసం ఎదురుచూశాం. ఎవరూ ఏమీ అనుకోలేదు, ఒకరికొకరు గుర్తు చేసుకోనూ లేదు. అంత సహజంగా కూర్చున్నాం. మెట్ల మీద చప్పుడైనప్పుడల్లా చెల్లెలు లేచి చేతులు కడుక్కునేది. రెండు దాటింది, మూడు దాటింది. చిన్నాయనకు అసలు మేము దేనికోసం కూర్చున్నామో తెలియదు. పాపం, మిలిటరీవాళ్ళు ఇంతే తింటారేమో అనుకున్నాడట. హోటలుకు పోదామని నేనంటే అమ్మ ఒప్పుకోలేదు. "మనం పోయినాక ఎవురన్నా తెస్తే? బాగుండదు" అంది.

నాలుగున్నరకు వచ్చారు. ఒకరు కాదు, ముగ్గురు: హెడ్మాస్టరు గారి భార్య, కింద పోర్షనులో ఉండే బ్యాంకాయన భార్య, ఎదురింటి అవ్వ. చెల్లెలు చేతులు కడుక్కుంది. ముగ్గురి చేతులూ ఖాళీగా ఉన్నాయి. చూడటానికి వచ్చారు. అమ్మకు తెలుగు రాదు కాబట్టి ఆమె ముందే నిలబడి, సంతలో ఆవును చూసినట్టు చూస్తూ మాట్లాడుకున్నారు.

"కండ్లు సూడక్కా, గీత గీసినట్టుండాయి."

"కొడగోళ్ళు ఇట్లుండరే. మా మరిది ఆడ్నే గదా పనిచేసింది."

"ఏం తింటారో ఏమో మహాతల్లి. అట్లాటోళ్ళు కుక్కల్ని తింటారంట" అంది ఎదురింటి అవ్వ.

"ఆ బిడ్డకు రేపు పెండ్లెట్ల చేస్తారు? ఎవురు చేసుకుంటారు?"

నేను లేచి అరవడం మొదలుపెట్టాను. దేశం గురించి, సరిహద్దు గురించి, మంచులో నిలబడే నాయన గురించి, వాళ్ళ సంస్కారం గురించి చాలా గొప్పగా అరిచాను. కాకపోతే అంతా హిందీలో. చిన్నప్పటి నుంచి కొట్లాటలన్నీ ఆ భాషలోనే కావడంతో కోపం వస్తే నాకు అదే వచ్చేది. ముగ్గురూ నోళ్ళు తెరిచి వింటున్నారు. బ్యాంకాయన భార్య చిన్నాయనను, "పిల్లోడికి ఏమైనా కావాలంటనా?" అని అడిగింది.

అమ్మ నా భుజం పట్టి కూర్చోబెట్టింది. "గమ్మునుండ్రా. తిట్టేది వాళ్ళకు తెలియాల గదా" అని వాళ్ళ వైపు తిరిగింది.

"ఏమ్మా, కుక్కల్ని తింటామా? మధ్యాన్నం నుంచి నీళ్ళు తాగి కూసోనుండాము ఈడ! మా తట్టు కొత్తగా ఎవురన్నా దిగితే పొయ్యి ముట్టించనీరు తెలుసునా? మీరు ముగ్గురొచ్చినారు, ఒక్కరన్నా 'తిన్నారా' అని అడిగినారా? కండ్లు సూసినారు, ముక్కు సూసినారు, నా బిడ్డ పెండ్లి కూడా సూసినారు. బిడ్డ కడుపు సూసినారా? ఐరాలలో మా అత్త వాకిట్లోకి ఎవురొచ్చినా ముందు 'తిన్నావా' అని అడిగేది, ఆమైనే 'ఎవుర్నువ్వు' అని అడిగేది. ఆమె బడికి పోలేదు. హెడ్మాస్టరు పెండ్లామూ కాదు!"

చిన్నాయన ముఖమంతా నవ్వు చేసుకుని అన్నాడు: "సూసినారా అక్కా, ఎంత తొందరగా నేర్చుకునిందో!"

హెడ్మాస్టరు గారు అప్పటికే మెట్ల మీద ఉన్నారు. అంతా విన్నారు. "అబద్ధం చెప్పి దిగినారన్నమాట" అన్నారు. నాయన లేచి నిలబడ్డాడు. "నిజమే సార్. తప్పే. నా తమ్ముడు చెప్పినాడు, నేను ఆపలేదు. ఈమెది డార్జిలింగ్. తెలుగు వస్తాది, మీరే విన్నారు. ఇంక వేరే విషయం నేను చెప్పను. ఖాళీ చెయ్యమంటే పొద్దున్నే చేస్తాం, ట్రంకులు విప్పలేదు."

హెడ్మాస్టరు గారు గోడ వైపు చూశారు, నల్ల ట్రంకుల వైపు చూశారు. ఏదో గొప్ప మాట అంటారని నేను ఎదురుచూశాను, ఎంతైనా పిల్లలకు చదువు చెప్పినాయన. "మూడు నెల్లు సూస్తాం" అని కిందికి పోయారు. ఎవర్ని చూస్తారు, ఏం చూస్తారు అని వెనకాలే పోయి అడగబోయాను. నాయన నా చొక్కా కాలరు వదల్లేదు.

ఎదురింటి అవ్వ అందరికన్నా ముందే మాయమైంది. పారిపోయిందనుకున్నాను. ఇంతలో సంగటి ముద్దలున్న గిన్నె, దాని మీద చెనక్కాయల ఊరిబిండి పచ్చడి పెట్టుకుని ఆయాసపడుతూ మెట్లెక్కి వచ్చింది. "తినండి ముందు. తిట్టేదానికైనా బలం కావాల గదా" అని మడత మంచం మీద కూర్చుంది. మేము తింటూ ఉంటే కాసేపు ఓర్చుకుంది. తర్వాత ఆమె వల్ల కాలేదు. "ఇంతకీ ఏమిటోళ్ళమ్మా మీరు?" అంది.

"ఆకలైనోళ్ళం" అంది అమ్మ, ముద్ద తుంచుతూ.

మర్నాడు నాయన రైలెక్కాడు. మేము అక్కడే ఉన్నాం, ఇప్పటికీ ఉన్నాం. మూడు నెలల తర్వాత హెడ్మాస్టరు గారు ఏం చూశారో మాకు చెప్పలేదు. ఇన్నేళ్ళలో ఆయన మా ఇంట్లో గుక్కెడు నీళ్ళు తాగలేదు. పండగకు అమ్మ పంపే పాయసం ఆయన భార్య రెండు చేతులా తీసుకుంటుంది. ఎవరు తింటారో తెలియదు. చెల్లెల్ని బడిలో, అమ్మ భయపడినట్టే, ముఖాన్ని బట్టి పేరు పెట్టి పిలిచారు. అది ఇప్పుడు అదే బడి పక్కన కాలేజీలో చదువుతూ, ఎవరైనా అలా పిలిస్తే ఐరాల అవ్వ తెలుగులో జవాబు చెబుతుంది. రెండోసారి ఎవరూ పిలవరు.

నేను ఇప్పుడు ఒక ఫ్యాక్టరీలో యంత్రాల మరమ్మతు చూస్తున్నాను. కరెంటు స్తంభాన్ని గుద్దిన ఆ పదహారేళ్ళవాణ్ణి తలుచుకుంటే నవ్వొస్తుంది. వాచిన చెయ్యి పట్టుకుని, పెద్దయితే ఈ కోపం తగ్గుతుందని అనుకున్నాడు పిచ్చోడు. తగ్గలేదు. తెలుగులోకి మారింది, అంతే.

అమ్మ మాత్రం ఆ సాయంత్రం తర్వాత తన ఆచారాన్ని ఆ వీధికి తెచ్చేసింది. ఎవరి సామాను దిగినా, వాళ్ళు ఏమిటోళ్ళో అడగకుండా క్యారియరు నింపి చెల్లెలి చేత పంపుతుంది. ఎదురింటి అవ్వ ఊరిబిండి ఇస్తుంది. ఇంతవరకు పంపిన క్యారియర్లు ఏడు. ఖాళీ చేసి, కడిగి తిరిగి ఇచ్చినవి ఆరు. మూత తీయకుండా తిరిగి వచ్చింది ఒకటి.