స్కౌట్లు చూస్తున్నారట!

ఈ రోజు మధ్యాహ్నం అరోరా ఊళ్ళో మా ఫ్రెండ్ సుధాకర్ ఇంట్లో అందరం టీవీ ముందు చేరాం. కెనడా జూనియర్ ఐస్ హాకీ లీగ్‌లో ఆడుతున్న వాళ్ళబ్బాయి నిఖిల్‌కి ఈ సీజన్‌లో ఇదే ఆఖరి మ్యాచ్. పెద్ద టీముల కోసం ఆటగాళ్ళని ఎంచే స్కౌట్లు కూడా వచ్చారట. ఆట మధ్యలో అవతలి జట్టువాడు గుద్దేస్తే నిఖిల్ తల రింకు చుట్టూ ఉండే గోడకు కొట్టుకుని ఐస్ మీద పడిపోయాడు. కదల్లేదు.

"లేవరా! స్కౌట్లు చూస్తున్నారు!" అని సుధాకర్ అరిచాడు.

"తలకి తగిలిందండీ," అంది అతని భార్య లత.

"హాకీ అన్నాక తగలదా?"

నిఖిల్‌ని ఇద్దరు పట్టుకుని బయటికి తీసుకెళ్ళారు. గంట తర్వాత వాడే లతకి ఫోన్ చేస్తే, ఆమె స్పీకర్ ఆన్ చేసింది.

"మామ్, నేను ఓకే. డాడ్ నా మీద మ్యాడ్‌గా ఉన్నాడా?"

నాకు సుధాకర్ మీద అసహ్యం వేసింది. నోరు మెదపకుండా పకోడీలు తింటూ కూర్చున్న నా మీద ఇంకా ఎక్కువ వేసింది. మీరైతే అతన్ని అప్పుడే కడిగేసేవారా?