ఖుర్సీపార్ నూతి నీళ్లు

మొన్న మునిసిపాలిటీ వాళ్లు మా వీధి చివరి చేతిపంపుకి ఎర్ర రంగు పూసి పోయారు. ఊరవతల చెత్తగుట్ట నుంచి ఊట దిగి నీళ్లు పాడయ్యాయట, తాగకూడదట. భిలాయిలో మా పిన్ని వాళ్ల నుయ్యి గుర్తొచ్చి నాకు ఆ పూట అన్నం సహించలేదు.

డెబ్భైల చివరి మాట. నాన్న ఉక్కు కర్మాగారం లేబరేటరీలో నందిని గనుల సున్నపురాయిని పరీక్షించేవారు. మాకు కుళాయి ఉన్న క్వార్టరు. బాబాయి ఊరి చివర ఖుర్సీపార్ బస్తీలో రెండు గదులు కట్టుకుని పెరట్లో నుయ్యి తవ్వించాడు. శ్రీకాకుళం నుంచి వచ్చిన మా పిన్నికి కుళాయి నీళ్లంటే చిన్నచూపు. "మీ పంపు నీళ్లలో పప్పు ఉడుకుతాదేటి? ఉత్తినే నానుతాది" అని అమ్మను ఆటపట్టించేది. ఆదివారమొస్తే మేమంతా అక్కడే. నాన్న రెండోసారి పప్పు వేయించుకుని, చెంబెడు నూతి నీళ్లు తాగి, "అమృతం" అనేవారు.

పెరటి గోడ వెనక ఇటుకల కోసం మట్టి తీసిన గొయ్యి ఒకటి ఉండేది, నిండా దోమలు. చెత్త లారీ కనిపిస్తే చాలు, బాబాయి లుంగీ ఎగ్గట్టి "ఇధర్ డాలో భయ్యా, ఇధర్!" అంటూ పరిగెత్తి, డ్రైవర్లకు టీ ఇప్పించి మరీ అందులో పోయించేవాడు. గొయ్యి పూడితే ఇంకో గది వేసుకోవచ్చని ఆయన ఆశ. ఆయన తెలివికి మేమంతా మురిసిపోయాం.

రెండు వానాకాలాలు గడిచాక నూతి నీళ్లు పచ్చబడ్డాయి, కొంచెం వాసన కూడా. పిన్ని కంగారుపడలేదు. ఊరి నుంచి తెచ్చుకున్న చిల్లగింజను బిందె లోపల అరగదీసింది. తెల్లారేసరికి మడ్డి అడుక్కి దిగి నీళ్లు తేటబడ్డాయి. మా వైపు తేట నీళ్లంటే మంచి నీళ్లే. చిల్లగింజ మట్టిని దించుతుంది గాని కరిగిపోయినదాన్ని దించదని ఆవిడకెవరు చెప్పారు? నాన్న కూడా ఎప్పటిలాగే తాగారు. తన ఎనిమిది నెలల పాపకి పిన్ని ఉగ్గుగిన్నెతో ఆ నీళ్లే పట్టింది.

పాపకి విరేచనాలు పట్టుకుని ఆగలేదు. నాలుగో రోజు ఆస్పత్రిలో పోయింది. ఏ నీళ్లు పట్టారని డాక్టరు అడిగితే పిన్ని, "నూతి నీళ్లేనండి. తేటగున్నాయి, నానే అరగదీసినాను" అంది. ఆ గొంతులో ఇంకా కాస్త గర్వం ఉంది.

అంతా అయిపోయాక నాన్న ఒక సీసాడు నీళ్లు లేబరేటరీకి పట్టుకెళ్లారు. తిరిగొచ్చి నూతి మీద రేకు కప్పించారు. బాబాయి గోడకేసి తిరిగి కూర్చున్నాడు. పిన్నే అడిగింది, "బావగారూ, మీరూ ప్రతి ఆదివారం తాగినారు కదా. ముందే ఒక్క సీసా పట్టుకెళ్లుంటే తెలిసీదేటి?"

ఆ తర్వాత నాన్న ఇరవై ఏళ్లు బతికారు. పిన్ని మళ్లీ ఆ మాట ఎత్తలేదు. "తెలిసేదమ్మా" అన్న ఒక్క మాట చెప్పడానికి ఆయనకు ఆ ఇరవై ఏళ్లు చాలలేదు.