దసరా రంగు కింద దాగిన బాణాలు

కట్టంగూర్ నుంచి హుజూర్‌నగర్‌కు మేము బయలుదేరింది కాపురం పెట్టడానికి. మా ఆయన ఒక గుత్తేదారు దగ్గర డ్రైవరు. యుద్ధం అయిపోయాక అమ్మకానికి వచ్చిన జీపుల్లో ఒకటి ఆ గుత్తేదారు కొన్నాడు. హుజూర్‌నగర్‌లో మాకొక గది ఇస్తానన్నాడు కూడా. కానీ దసరా తర్వాత జీపు వణకడం మొదలైంది. వణుకు పోకుంటే బండి అప్పజెప్పి పొమ్మని కబురు పంపాడు. నౌకరీ పోతే గదీ పోతుంది, నేను మళ్లీ అత్తగారింటికే.

పొద్దున ఆరింటికి కదిలాం. నెమ్మదిగా పోతే ఏమీ లేదు. గంటకు ఇరవై మైళ్లు దాటితే చాలు, కాళ్ల కింద గుర్రుమని మోత, పళ్లు కొట్టుకునేంత అదురు. నకిరేకల్ దాటాక ఒక దిగుడులో మా ఆయన గేరు తప్పించి ఇంజను ఆపేశాడు. అయినా అదురు తగ్గలేదు. అంటే ఇంజనుది కాదు.

సూర్యాపేటకు చేరేసరికి ఎనిమిదిన్నర. దసరా పూజకు ఈ జీపును విప్పి, కడిగి, అడుగుభాగం దాకా నల్లరంగు పూసి, బొట్లు పెట్టి బిగించిన మిస్త్రీ అక్కడే ఉన్నాడు. బండి కిందికి వంగి కూడా చూడలేదు.

"వెనక గంత పెద్ద పెట్టె, పక్కన చెల్లె. గింత బరువేస్తే వణకక ఏం జేస్తది తమ్మీ?" అన్నాడు. అక్కడున్న వాళ్లంతా నవ్వారు. నాకు తల ఎత్తబుద్ధి కాలేదు.

నన్నూ పెట్టెనూ చాయ్ హోటల్ ముందు దించి, మా ఆయన ఒక మైలు పోయి తిరిగొచ్చాడు. బండి అట్లాగే అదురుతోందని చెప్పాడు.

"గట్లనా? అయితే సడక్‌దే తప్పు," అని మిస్త్రీ చాయ్ తాగుతూ కూర్చున్నాడు. మా ఆయన పెట్టెను మళ్లీ జీపులోకి ఎక్కించాడు. నాకు మాత్రం ఒళ్లు మండిపోయింది.

అక్కడినుంచి హుజూర్‌నగర్ దారి మట్టిదారి. అరగంట పోయాక ఒక వేపచెట్టు కింద ఆపి, ఆయన బండి కింద పడుకుని అన్నీ కదిపి చూశాడు. ఇంజను దగ్గరి నుంచి వెనుక చక్రాలను తిప్పే పొడుగు షాఫ్టు గట్టిగానే ఉంది. "ఒక్క నట్టూ వదులు లేదు. ఇగ నౌకరి పోయినట్టే," అన్నాడు.

మా బాపు వడ్రంగి. ఏది విప్పినా ముందు ఉలితో గీత కొట్టుకుంటాడు, మళ్లీ అదే గీతకు బిగిస్తాడు. అందుకే అడిగాను: "విప్పేటప్పుడు మిస్త్రీ గుర్తు పెట్టుకున్నడా?"

"నాకేమెరుక? గుర్తులుంటే గా రంగు కిందనే ఉండాలె."

నేనూ కిందికి దూరి పిన్నీసుతో గీకాను. షాఫ్టు రెండు ముక్కలు ఒకదానిలో ఒకటి దూరే చోట, కంపెనీలోనే కొట్టిన ఒక బాణం గుర్తు బయటపడింది. రెండో ముక్క మీద బాణం దానికి ఎదురుగా లేదు, బొటనవేలంత పక్కకు జరిగి ఉంది. తడిచీర పిండేటప్పుడు రెండు చేతులు చెరో వైపు తిరిగినట్టు షాఫ్టు రెండు కొసలూ చెరో వాటుకు బిగించి ఉన్నాయి. వేగం పెరిగితే అదిరేది అందుకే. షాఫ్టు ఒక కొసన నాలుగు నట్లు విప్పి, అక్కడి జాయింటు మూతలు జారకుండా నా కొంగు అంచు చింపి కట్టి, ముక్కలు విడదీసి బాణాలు రెండూ ఎదురెదురుగా వచ్చేలా తిప్పి బిగించడానికి గంట పట్టింది. ఆ తర్వాత ముప్పై మైళ్ల వేగంలో కూడా గుంతల కుదుపు తప్ప ఏమీ తెలియలేదు.

మధ్యాహ్నం రెండింటికి హుజూర్‌నగర్‌లో గుత్తేదారు బండెక్కి ఒక చుట్టు తిరిగొచ్చాడు. "సూర్యాపేట మిస్త్రీ మంచి పనోడే. బక్షీసు పంపాలె," అన్నాడు. మా ఆయన తల వంచుకుని నిలబడ్డాడు. పరాయి మగవాళ్ల ముందు నేనెన్నడూ నోరు విప్పింది లేదు. జీపు చాటునుంచే అన్నాను: "తప్పుగ బిగించిందే మిస్త్రీ, సాబ్. మా ఇంటాయన నడి సడక్ మీద విప్పి సక్కజేసిండు."

గుత్తేదారు ఆయన వైపు చూశాడు. ఆయన అవునన్నాడు. గది తాళంచెవి చేతికొచ్చింది.

తప్పు చేసినవాడు చాయ్ తాగుతూ కూర్చోవచ్చు, బండిలో కూర్చున్న ఆడదాని బరువు మాత్రం నలుగురూ నవ్వుకోవడానికి పనికొస్తుంది. బాణం చూసిందెవరని గుత్తేదారు అడగలేదు, మా ఆయనా చెప్పలేదు. అంతా ఆయనే చేశాడన్న మాట నా నోటినుంచే వచ్చింది. గదిలో పొయ్యి వెలిగించాక కూడా నాలోని ఆ మంట చల్లారలేదు.

ఈ దారిన జీపులో వచ్చేవారికి ఒక మాట: పండగకు రంగు వేయించి ఉంటే, బయలుదేరే ముందు షాఫ్టు మీద రంగు గీకి రెండు బాణాలూ ఎదురెదురుగా ఉన్నాయో లేదో చూసుకోండి. మిస్త్రీని అడగకండి, మీరే వంగి చూడండి.