టైలుకీ రంగుకీ నడుమ సందు

మా టైల్ మేస్త్రి పోయాడన్న సంగతి శుక్రవారం పొద్దున క్యాంపు వంటగదిలో తెలిసింది. కంపెనీ బండి నడిపే పాకిస్తానీ అన్న చాయ్ గ్లాసు పక్కన పెట్టి, "మేస్త్రీ గుజర్ గయా భాయ్. సోతే సోతే" అన్నాడు. నా నోట్లోంచి వచ్చిన మొదటి మాట ఇది: "సిలికాన్ వెట్టి పోయిండా, వెట్టకనే పోయిండా?"

పొయ్యిల దగ్గర ఉన్నవాళ్ళంతా నా వైపు చూశారు. చూడనీ. పోయినవాళ్ళందరూ రాత్రికి రాత్రే దేవుళ్ళయిపోవడం నాకు నచ్చదు. ఆయనకూ నచ్చేది కాదు.

ఆయనది కడప వైపు, నాది జగిత్యాల దగ్గర. సౌదీలోని హుఫూఫ్‌లో ఇద్దరిదీ ఒకటే కంపెనీ. పాత విల్లాల్లో బాత్రూములు కొత్తగా చేసి ఇవ్వడం దాని పని. ఆయన టైల్స్ వేసేవాడు, తర్వాత నేను వెళ్ళి రంగు వేసేవాణ్ణి. షవర్ దగ్గర టైల్స్ ఒకచోట ఆగుతాయి, అక్కడి నుంచి రంగు గోడ మొదలవుతుంది. రెండింటి నడుమ సన్నటి సందు ఉంటుంది. మీ ఇంట్లోనూ ఉంటుంది, చూసుకోండి. మా పగంతా ఆ సందు దగ్గరే.

విషయం చిన్నదే. సందులో సిలికాన్ నింపాలి, లేకపోతే నీళ్ళు లోపలికి దిగి గోడ ఉబ్బుతుంది. కానీ సిలికాన్ మీద రంగు నిలవదు, ఎండాక పొరలు లేస్తుంది. కాబట్టి ముందు రంగు, తర్వాత సిలికాన్. ఈ ముక్క ఆయనకు తెలియదా? నాకన్నా బాగా తెలుసు. అయినా ముందే సిలికాన్ కొట్టి, సబ్బునీళ్ళలో వేలు ముంచి లాగేవాడు. అదే వేలితో నా గోడకూ ఇంత పూసేవాడు. కొన్నాళ్ళకే రంగు లేచేది. లేచింది రంగు కదా, తిట్లు రంగోడికే.

"మేస్త్రీ, సందు ఇడ్సిపెట్టు. నేను రంగేసినంక అచ్చి నింపుకో" అని ఎన్నిసార్లు బతిమాలానో లెక్క లేదు.

"రెండోతూరి వచ్చేది ల్యా. నీళ్ళు ఇడ్సి సూడకుండా నేను బయటికి పోను ప్పా. నీళ్ళు ఆగేది నా గీత కాడ. నీ రంగు సోకుకు."

నీళ్ళు వదిలి చూడడం ఆయనకు మొక్కు లాంటిది. సిలికాన్ ఆరిన మర్నాడు చెప్పులు విప్పి, ప్యాంటు పైకి మడిచి, బిస్మిల్లా అని షవర్ తిప్పేవాడు. మొదటి నీళ్ళు తన కాళ్ళ మీదే పడాలి. ఇక్కడ ఎండాకాలంలో మిద్దె మీది ట్యాంకు కాగిపోతుంది, చన్నీళ్ళ పంపు తిప్పినా చుర్రుమంటుంది. ఆయన కాలు కదిపేవాడు కాదు. గీత వెంట పైనుంచి కిందిదాకా చూసుకుని, "ఖలాస్" అని సామాను సర్దుకునేవాడు. ఖలాస్ అన్నాక ఆ గడప మళ్ళీ తొక్కడు. నేను రంగు డబ్బా పట్టుకుని తలుపు దగ్గర పళ్ళు నూరుతుండేవాణ్ణి.

ఒక్కటి ఒప్పుకుంటాను. ఆయన గీత ఎప్పుడూ వంకర పోలేదు. చివరి టైల్ అంచును తనే ఏటవాలుగా అరగదీసేవాడు. అంచు కప్పే అల్యూమినియం పట్టీ తెస్తే, "అది తప్పులు కప్పుకునేటోళ్ళకు" అని పక్కకు విసిరేవాడు. ఆ అంచు పక్కన బ్రష్ లాగడం హాయిగా ఉండేది. ఈ మాట ఆయన బతికుండగా అనలేదు. అని ఉంటే ఇంకా నెత్తికెక్కేవాడు.

ఈ వేసవిలో వరసగా ఫిర్యాదులు వచ్చాయి. ఈజిప్టువాడైన మా మిస్రీ సూపర్‌వైజర్ నన్ను పిలిచి, "ఔర్ ఏక్ కంప్లైంట్, ఖలాస్, ఖురూజ్" అన్నాడు. ఖురూజ్ అంటే ఎగ్జిట్ కొట్టి ఇంటికి పంపేయడం. ఈ వయసులో నాకు వీసా ఇచ్చి పనిలో పెట్టుకునే ఇంకో కఫీల్ దొరకడు. మా ఇంట్లో పొయ్యి నా సంపాదన మీదే వెలుగుతోంది. మేస్త్రి పక్కనే నిలబడి అంతా విన్నాడు. తప్పు నాది కాదని ఒక్క ముక్క చెప్పలేదు. బయటికి వచ్చాక ఆయన్ని నేనన్న మాటలు ఇక్కడ రాయదగినవి కావు. వాటిలో ఒక్కదాన్నీ వెనక్కి తీసుకోవడం లేదు.

గురువారం కొత్త ఇంట్లో టైల్స్ పని ముగించడానికి వెళ్తూ, బండిలో నా ముఖం చూడకుండానే అన్నాడు: "ఈ ఇంట్లో సందు ఇడ్సిపెడ్తా లే. నీ సావు నువ్వు సావు."

"నువ్వు ఇడ్సిపెడ్తవా? నమ్మినం తియ్యి" అన్నాను. మా చివరి మాటలు అవే. ఆ సాయంత్రం పనినుంచి వచ్చి పడుకున్న మనిషి మళ్ళీ లేవలేదు.

శనివారం ఆ ఇంటికి నన్నే పంపారు. సందు ఖాళీగా ఉంది. చుక్క సిలికాన్ లేదు, దుమ్ము కూడా దులిపి పెట్టాడు. పైగా మా రంగువాళ్ళ టేపు తీసుకుని పొడుగునా అంటించాడు. మేము టేపు టైల్ మీద అంటిస్తాం, టైల్‌కు రంగు తగలకుండా. ఈయన గోడ మీద అంటించాడు, సరిగ్గా నేను రంగు వేయాల్సిన చోట. ఇన్నేళ్ళు పక్కన పనిచేసి టేపు ఏ వైపు పోతుందో కూడా చూడలేదు ఈ మహానుభావుడు. లాగితే గోడమీది పుట్టీ కూడా దానితోపాటు ఊడి వచ్చింది.

"పోతూ పోతూ గూడ పని వెంచి పోయినవ్ గద మేస్త్రీ" అని పైకే అన్నాను. ఆ టేపు చేతిలో ఉండచుట్టుకుని చాలాసేపు అక్కడే కూర్చున్నాను. ఏడ్చాను కూడా. కోపంతోనే.

మళ్ళీ పుట్టీ పెట్టి, రంగు వేసి, ఆరాక సిలికాన్ నేనే లాగాను, సబ్బునీళ్ళలో వేలు ముంచి. ఇక ఈ రంగు లేవదు, నాకు ఖురూజ్ లేదు. మర్నాడు ఆ ఇంటికి వెళ్ళాల్సిన పనీ లేదు.

వెళ్ళాను. చెప్పులు విప్పి ప్యాంటు మడిచాను. ఆయన అనే బిస్మిల్లా నాకు అలవాటు లేదు, అలవాటున్న తిట్టు ఒకటి తిట్టి షవర్ తిప్పాను. నీళ్ళు చుర్రుమని కాళ్ళమీద పడ్డాయి. గీత వెంట పైనుంచి కిందిదాకా చూశాను. ఎక్కడా చుక్క లోపలికి పోలేదు. ఇక ఖలాస్ అనాలి. అన్నాక ఈ గడప మళ్ళీ తొక్కేది లేదు. కాళ్ళు కాలుతున్నా పంపు కట్టకుండా అలాగే నిలబడ్డాను.